ఆర్.ఆర్.పేటలో ఓ శనివారం రాత్రి.. ప్లేటులో ఉన్నది ఏ చేప?

మాది భీమడోలు. బయటి ఊళ్లవాళ్లు మా జంక్షన్‌లో దిగేది ద్వారకా తిరుమల చినవెంకన్న కోసం. మా కుర్రాళ్లు బస్సెక్కేది మాత్రం ఏలూరు ఆర్.ఆర్.పేట కోసం. సుమారు 20 కిలోమీటర్లే కదా!

ఏలూరుని కాలువ వన్‌టౌన్, టూటౌన్ అని రెండుగా విడదీస్తుంది. పాత బజారు, ఇరుకు సందులు వన్‌టౌన్‌వి. అద్దాల షోరూములు, ఏసీ రెస్టారెంట్లు కావాలంటే టూటౌన్‌లోని రామచంద్రరావు పేటకే రావాలి. సాయంత్రం ఆరు దాటితే బండి పెట్టుకోవడానికి చోటు దొరికితే అదృష్టమే. బట్టలు, బంగారం, మొబైళ్లు.. కొనకపోయినా చూస్తూ తిరగొచ్చు. క్లబ్బులూ పబ్బులూ ఊహించుకోకండి. ఇక్కడ నైట్‌లైఫ్ అంటే సెకండ్ షో, బిర్యానీ, ఆ తర్వాత హైవే మీద టీ.

ఇక తిండి. ఎక్కడ కూర్చున్నా 'కొల్లేరు చేపల పులుసు' అనే మాట వినిపిస్తుంది. మొన్న ఓ చోట వడ్డించే కుర్రాణ్ని అడిగాను.. "ఇది చెరువుదా, కొల్లేరుదా తమ్ముడూ?" అని. ఏమాత్రం తడుముకోలేదు. "కొల్లేరు చెరువుదేనండీ!" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ, అసలు సంగతంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. కొరమీను, బొమ్మిడాయి, ఇంగిలాయి సరస్సులో వాటంతటవే పెరిగే రకాలు. హోటల్లో ఎక్కువగా దొరికే శీలావతి, బొచ్చె మేత వేసి పెంచే చెరువు చేపలు. రుచిలో చెరువు చేపకి వంక పెట్టడం లేదు. కానీ ఆ చెరువుల్లో చాలావాటిని సరస్సు కడుపులోనే తవ్వారు. కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టించింది. తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి.

మాకూ ఇందులో వాటా ఉంది. మా వైపు పట్టుబడి బాగుంటేనే పెళ్లి బట్టలకి పేట షోరూముకి వెళ్తారు. పట్టిన చేప ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి హౌరా దాకా పోతుంది. చెరువులు వద్దనడం తేలిక, వాటి మీద బతికే ఇళ్లు ఎన్నో.

టోక్యోలో గింజా అనే ఖరీదైన పేట ఉంది. షోరూములు, రాత్రి విందులు అన్నీ అక్కడే. నడిచివెళ్లే దూరంలో త్సుకిజి చేపల బజారు. అక్కడి టోకు మార్కెట్‌ని 2018లో తొయోసుకి మార్చారు. జపాన్‌లో దుకాణంలో అమ్మే పచ్చి చేప ఎక్కడిదో, పెంచినదైతే ఆ మాట కూడా, లేబుల్ మీద రాయాలి. చట్టం అది. మన దగ్గర మెనూ మీద ఒక్క ముక్క రాస్తే చాలు. అప్పుడు సరస్సులో వల వేసి పట్టేవాడి కొరమీనుకీ దాని ధర దానికి వస్తుంది. సరస్సు బతకాలని కోరుకునేవాళ్లు పెరుగుతారు.

అందుకే ఈసారి పేటకి వెళ్తే ఆర్డర్ ఇచ్చేముందు ఆ ప్రశ్న మీరూ అడగండి. చలికాలమైతే రాత్రి ఏలూరులోనే ఉండిపోయి, తెల్లారి కైకలూరు దగ్గర ఆటపాక వెళ్లండి. వందల గూడబాతులు కనిపిస్తాయి. అవి తినేది సరస్సు చేపా, చెరువు చేపా అని మాత్రం అడక్కండి!