తిమింగిలాల వేటలో విష్ణుమూర్తి

న్యూ బెడ్‌ఫర్డ్‌లో జానీ కేక్ హిల్ మీద సీమెన్స్ బెతెల్ అని ఒక చిన్న చర్చి ఉంది. తిమింగిలాల వేటకు వెళ్లే నావికుల కోసం 1832లో కట్టారు. లోపల ప్రసంగ వేదిక ఓడ ముందుభాగం ఆకారంలో ఉంటుంది. ‘మోబీ డిక్’ నవలలో ఫాదర్ మాపుల్ అచ్చం అలాంటి వేదిక ఎక్కే ప్రసంగిస్తాడు. దాన్ని చూసినవాళ్లెవరైనా రచయిత మెల్విల్ ఇది చూసే రాశాడని అనుకుంటారు. కానీ ఆ వేదిక వచ్చింది 1961లో. 1956లో జాన్ హ్యూస్టన్ సినిమా విడుదలయ్యాక వచ్చిన ప్రతివాడూ ఓడ వేదిక ఏదీ అని అడగడం మొదలుపెట్టాడు. లేదని చెప్పీ చెప్పీ విసిగి, చివరికి ఒకటి చేయించి పెట్టేశారు. అమెరికన్ మిత్రులు ఇది చెప్పి నవ్వుతారు. భద్రాచలం పక్కన పర్ణశాలలో సీతమ్మవారు చీర ఆరేసుకున్న చోటు చూసి దణ్ణం పెట్టి వచ్చినవాణ్ణి, నాకు ఇందులో నవ్వాల్సిందేమీ కనబడలేదు.

మేముండేది బోస్టన్ శివార్లలో. అక్కణ్ణుంచి న్యూ బెడ్‌ఫర్డ్ కారులో గంట పైచిలుకు. ఆ చర్చి ఎదురుగానే తిమింగిలాల మ్యూజియం ఉంది. అక్కడ ఏటా జనవరి మొదట్లో ‘మోబీ డిక్’ను ఆపకుండా, మొదటి పుట నుంచి చివరి పుట దాకా పైకి చదువుతారు. శనివారం మధ్యాహ్నం మొదలైతే ఆదివారం మధ్యాహ్నం దాటుతుంది, దాదాపు ఇరవై అయిదు గంటలు. ఒక్కొక్కరికీ కొన్ని నిమిషాలే. ప్రొఫెసర్లు, బడిపిల్లలు, చేపలు పట్టేవాళ్లు, ఎవరైనా చదవచ్చు. లగోడా అనే వేట ఓడను సగం సైజులో, 89 అడుగుల పొడవున, హాలులోనే కట్టి నిలబెట్టారు. దాని చుట్టూ జనం దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. కొందరు స్వెట్టర్లు అల్లుకుంటూ వింటారు. నా వంతు వచ్చినప్పుడు నా గోదావరి ఇంగ్లీషు విని ఎవరూ తలెత్తి చూడలేదు. అదే నాకు గొప్ప మర్యాదగా తోచింది.

కాలు పోగొట్టుకున్న కెప్టెన్ ఏహబ్, ఆ కాలు కొరికేసిన తెల్ల తిమింగిలం, దాని మీద పగ. కథ అంతే, ఏ బస్సులోనో పక్కవాడికి చెప్పేయవచ్చు. చాలామంది ఆ కథ కోసం చదువుతూ, మధ్యలో తిమింగిలం తల గురించి, తోక గురించి, కొవ్వు కరిగించే పొయ్యిల గురించి వచ్చే అధ్యాయాలు దాటేస్తారు. నా మటుకు నాకు పుస్తకమంటే ఆ అధ్యాయాలే. ఒక పనిని అంత ప్రేమగా, చేతికి జిడ్డు అంటేలా రాసిన నవల నేను ఇంకోటి చదవలేదు. ఆ జిడ్డు చూడాలంటే మ్యూజియంలోనే చూడవచ్చు. 1998లో ఓడ తగిలి చచ్చిపోయిన నీలి తిమింగిలం అస్థిపంజరం ఒకటి పైకప్పుకి వేలాడుతోంది. ఇన్నేళ్లయినా దాని ఎముకల్లోంచి నూనె ఊరుతూనే ఉంది. పట్టడానికి సీసా కట్టారు. 1859లో పెన్సిల్వేనియాలో నేలనూనె పడేదాకా ప్రపంచంలో ఎన్నో దీపాలు వెలిగింది తిమింగిలాల నూనెతోనే. ఆ ఎముకల కింద నిలబడితే తిమింగిలం వాసన ముక్కుకి తగులుతుంది.

1851లో ఇంగ్లండులో అచ్చయినప్పుడు ఈ నవలకి చివరి పేజీ జారిపోయింది. అందరూ మునిగిపోతే ఈ కథ చెప్పేవాడెవడని అక్కడి సమీక్షకులు తిట్టారు. బతికుండగా మెల్విల్‌కి దీని వల్ల పెద్దగా డబ్బూ రాలేదు, పేరూ రాలేదు. 1866 నుంచి పంతొమ్మిదేళ్లు న్యూయార్క్ రేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. లోగన్ విమానాశ్రయంలో నా పెట్టె తెరిపించి, ప్లాస్టిక్ కవర్లు నాలుగు చుట్టిన ఆవకాయ సీసాను కస్టమ్స్ అధికారి అనుమానంగా అటూ ఇటూ తిప్పినప్పుడల్లా నాకు మెల్విలే గుర్తొస్తాడు. ఈయన కూడా ఇంటికెళ్లి రాత్రిళ్లు ఏం రాస్తున్నాడో ఎవడికి తెలుసు!

ఆఫీసులోనూ ఈ పుస్తకం నన్ను వదలదు. వేట ఓడల్లో పనిచేసేవాళ్లలో సగం మంది కూడా అమెరికాలో పుట్టినవాళ్లు కాదని, అధికారులు మాత్రం దాదాపు అందరూ ఇక్కడివాళ్లేనని ఇరవై ఏడో అధ్యాయంలో ఉంటుంది. బుర్ర మాది, కండ మీది అన్న ఏర్పాటు అన్నమాట. మా టీమ్ మీటింగులో స్క్రీను మీది ముఖాలు చూస్తూ ఆ అధ్యాయం తలుచుకోని వారం ఉండదు. ఎనభై తొమ్మిదో అధ్యాయం ఇంకా ఘాటు. తాడు కట్టని తిమింగిలం ఎవడు పట్టుకుంటే వాడిదేనన్న వేటగాళ్ల న్యాయం చెబుతూ, ఇంగ్లండుకి ఇండియా కూడా అలాంటిదే కదా అంటాడు. 1857కి ఇంకా ఆరేళ్లుంది. అలాగని ఆయన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఫెదల్లా అని ఒక పార్సీని ఓడెక్కించి, మాటల్లేని దయ్యంలా తిప్పాడే తప్ప మనిషిని చేయలేదు. దీవివాసి హార్పూనర్ క్వీక్వెగ్ మీద చూపిన ఆదరంలో కొంచెం ఇతనికీ పంచవలసింది.

మ్యూజియంలో ఆ రాత్రి చదువుతుంటే ఎనభై రెండో అధ్యాయం తెల్లవారుజామున వచ్చింది. ఒక కాలేజీ అమ్మాయి చదువుతోంది. తిమింగిలాల వేటగాళ్ల గొప్ప వంశావళి అది. పెర్సియస్, సెయింట్ జార్జి, హెర్క్యులిస్, జోనా, ఆ తరవాత విష్ణుమూర్తి! వేదాలు నీళ్ల అడుగున ఉంటే తిమింగిలమై దిగి పైకి తెచ్చాడు కాబట్టి ఆయనా మావాడే అంటాడు కథ చెప్పే ఇష్మాయిల్. బ్రహ్మే విష్ణువును పుట్టించాడని కూడా అంటాడు. బొడ్డు తామర సంగతి ఆయన దాకా చేరినట్టు లేదు. తిమింగిలం చేపేనని అంతకుముందే మొండిగా వాదించి పెట్టుకున్నాడు గనక మత్స్యావతారానికి అడ్డే లేదు.

అయితే అసలైన ముక్క మెల్విల్ వదిలేశాడు. భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడి దోసిట్లోకి వచ్చిన చిన్న చేప కమండలం పట్టక, చెరువు పట్టక, సముద్రానికి చేరుతుంది. ప్రళయంలో రాజూ సప్తర్షులూ ఎక్కిన పడవను, మహాసర్పాన్ని తాడుగా చేసి, ఆ చేప కొమ్ముకి కడతారు. అది లాక్కుపోతుంది. హార్పూన్ దిగిన తిమింగిలం పడవను లాక్కుపోయే నాన్‌టకెట్ దీవివాళ్ల వేట కూడా ఇదే కదా! ఆయన తాడు మీద ఒక అధ్యాయమే రాశాడు. చివరికి ఏహబ్ ప్రాణం తీసేదీ ఆ తాడే. అలాంటివాడికి ఈ కథ తెలిసుంటే ఎన్ని పేజీలు రాసేవాడో.

ఇదంతా పక్క కుర్చీలో ఉన్న పెద్దాయనకి కాఫీ దగ్గర చెప్పాను. పూర్వీకులు అజోర్స్ దీవుల నుంచి వచ్చారట, తను స్కాలప్ పడవల్లో పనిచేసి రిటైరయ్యాడు. దేవుడు చేపవడం గురించి ఆయనకి ఏ అభ్యంతరమూ లేదు. ఒకటే అడిగాడు: “పాముతో ముడి ఎలా వేశారు? జారదూ?”

మా ఇంట్లో తరాలుగా ఆ కథ వింటున్నవాళ్లకెవరికీ ఈ అనుమానం రాలేదు. ఆ ఆదివారమే అమ్మకి ఫోన్ చేసి అడిగాను.

“పాముకి ప్రాణముంది కదరా, అదే పట్టుకుంటుంది. ముడెందుకు?” అంది. “ఇంతకీ రాత్రంతా నిద్రపోకుండా అక్కడేం చేస్తున్నావు?”