నాన్న చెవి

పార్సిప్పనీలో రూట్ 46 సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, మా పాత కారు కింద డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గలగల! మెకానిక్ ఇంజన్ విప్పాల్సిందే అన్నాడు. గుంటూరు నుంచి వచ్చిన నాన్న ఆయిల్ ఇంజన్లతో వేగిన మనిషి. "న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కరా, వింటాను" అన్నారు.

"ఇక్కడి కార్లు నీకు తెలీవులే నాన్నా" అనేశాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

రెండు రోజులకి నాకే ఉండబట్టలేక తొక్కాను. చప్పుడు పెరగాల్సింది పోయి మాయమైంది!

"ఇంజన్ కాదురా, ఏదో రేకు వదులైంది."

ఇంజన్ చల్లారాక, సైలెన్సర్ గొట్టం దగ్గర వేడిని అడ్డుకునే రేకును చెక్కతో తట్టాం. అదే! చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు దాని బోల్టును తినేసింది. స్టీలు క్లాంపు బిగిస్తే సరిపోయింది.

మర్నాడు సిగ్నల్ దగ్గర రేడియో కట్టేశాను. పక్క సీట్లో నాన్న కళ్ళు మూసుకుని వింటున్నారు.