బొంగరమూ, సంక్రాంతీ, మా నాన్నా

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో ఓ పంచాయితీ జరిగింది. ఇక్కడ న్యూజెర్సీలో పండక్కి సెలవుండదు కాబట్టి, సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చాకే అరిసెలు బయటికొచ్చాయి (ఇండియన్ స్టోర్లో కొన్నవే లెండి). మా పదేళ్ళ అమ్మాయి ఒకటి అందుకుని, "నాన్నా, ఇవాళ్టి నుంచి సూర్యుడు ఉత్తరంవైపు తిరుగుతాడని అమ్మ చెప్పింది. మా టీచరేమో అది డిసెంబర్ 21నే అయిపోయిందంది. ఎవరు కరెక్టు?" అంది.

అరిసె గొంతుకి అడ్డంపడినంత పనైంది నాకు. పాతికేళ్ళ కిందట సరిగ్గా ఈ విషయం మీదే నేనూ మా నాన్నా మూడ్రోజులు మాట్లాడుకోలేదు. అప్పుడు నేను ఇంటర్, ఫిజిక్స్ కొత్తగా తలకెక్కిన రోజులు. భోగినాడు నలుగురి ముందూ "మీ పంచాంగం మూడు వారాలు లేటు నాన్నా" అన్నాను. "నీకంటే ముందు పుట్టినవాళ్ళెవరికీ ఆకాశం చూడ్డం రాదంటావా?" అని లేచి వెళ్ళిపోయారాయన. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉందనుకున్నాను, అంతే.

సరే, అమ్మాయికి చెప్పాలిగా. కిందటిసారి ఊరెళ్ళినప్పుడు తెచ్చిన చెక్క బొంగరం తీశాను. హాల్లో వేస్తే మేకు దిగి నేల పాడవుతుందని మా ఆవిడ కసిరింది, గరాజ్‌లోకి మారాం. రెండుసార్లు తాడు సరిగ్గా లాగడం కుదర్లేదు (ఒకప్పుడు మా వీధిలో నేనే ఛాంపియన్ని, నమ్మండి). మూడోసారి నిలబడింది. కాసేపటికి తల పక్కకి వాల్చి, గిరగిరా తిరుగుతూనే, ఆ వాలిన తలతో గాల్లో సున్నా చుట్టడం మొదలుపెట్టింది.

తిరగని బొంగరాన్ని వాలిస్తే ఠపీమని పడుతుంది. తిరిగే బొంగరం అలా కాదు. భూమి కిందికి లాగుతూనే ఉంటుంది, కానీ బొంగరం తల కిందికి పోకుండా ఆ లాగుడికి అడ్డంగా పక్కకి జరుగుతుంది. జరిగిన చోట మళ్ళీ లాగుడు, మళ్ళీ పక్కకి. అదీ సున్నా.

"మరి భూమిని ఎవరు లాగుతారు? దాని కింద ఏమీ లేదుగా?" అంది. మంచి ప్రశ్న.

భూమి పూర్తి గుండ్రం కాదు. తన తిరుగుడు వల్లే నడుం దగ్గర ఉబ్బింది. అక్కడ వ్యాసం, ధ్రువాల మధ్య దూరం కంటే 43 కిలోమీటర్లు ఎక్కువ. అక్షమేమో 23.4 డిగ్రీలు వాలి ఉంది. చంద్రుడూ, సూర్యుడూ ఆ ఉబ్బిన నడుముని లాగి భూమిని నిటారుగా నిలబెట్టాలని చూస్తారు. (అందులో మూడింట రెండొంతులు చంద్రుడి పనే. సూర్యుడు పెద్దవాడే గానీ బాగా దూరం.) ఉబ్బే లేకపోతే లాగడానికి పట్టే దొరకదు. బొంగరాన్నేమో పడెయ్యాలని లాగుడు, భూమినేమో నిలబెట్టాలని లాగుడు. అందుకే బొంగరం తను తిరిగే దిక్కులోనే సున్నా చుడితే, భూమి ఎదురు దిక్కులో చుడుతుంది. ఒక సున్నాకి సుమారు 25,800 ఏళ్ళు. అంగారకుడికీ ఈ ఊగుడుంది. కానీ అక్కడి చందమామలు రెండూ పిసరంత, లాగేది దాదాపు సూర్యుడొక్కడే. అందుకని ఒక చుట్టుకి 1,70,000 ఏళ్ళకి పైనే పడుతుంది.

ఎవరూ లాగకుండానే వచ్చే చిన్న ఊగుడు ఇంకోటుంది. 1891లో సేత్ చాండ్లర్ అనే ఇన్సూరెన్స్ లెక్కల ఉద్యోగి పట్టుకున్నాడు దాన్ని. సముద్రాలూ, గాలీ తోసే తోపుడుకి ధ్రువం 14 నెలలకోసారి కొన్ని మీటర్ల సున్నా చుడుతుంది. మన పంచాయితీకి దాంతో పనిలేదు.

పెద్ద సున్నాతోనే పని. దానివల్ల ఋతువుల సంవత్సరం కంటే నక్షత్రాల సంవత్సరం 20 నిమిషాలు ఎక్కువ. డిసెంబర్ 21 ఋతువుల లెక్క, మకర సంక్రమణం నక్షత్రాల లెక్క. 20 నిమిషాల తేడా అంటే మా ఆఫీసులో ఆ బగ్ క్లోజ్ చేసి పారేస్తారు. కానీ 70 ఏళ్ళు దాటేసరికి అది ఒక రోజు. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతే. ఇప్పుడు 14నో 15నో వస్తోంది. రెండు లెక్కలూ ఒకేరోజు కలిసింది సుమారు 1,700 ఏళ్ళ కిందట. ధ్రువనక్షత్రమూ అంతే, ఇంకో 12,000 ఏళ్ళకి ఆ చోటుకి దగ్గరగా అభిజిత్తు ఉంటుంది. (మాది పగటి పెళ్ళి. పంతులుగారు చూపిస్తే మేం చూసింది షామియానా.)

రాత్రి తొమ్మిదింటికి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ కనుమ తెల్లవారింది.

"నాన్నా, అప్పుడు నేనన్నది సగమే కరెక్టు. పంచాంగం వాళ్ళు ఆకాశం చూడక కాదు..."

"అయనాంశ గురించేనా? 24 డిగ్రీలు దాటింది. పంచాంగంలో వేస్తారు. అప్పుడు నువ్వు తెరిచి చూస్తేగా!"

పాతికేళ్ళు! ఆయనకి గుర్తుంది.

"తెలిసీ ఉత్తరాయణం ఇవాళే అంటారేం మరి? 1957లో ప్రభుత్వం తెచ్చిన జాతీయ పంచాంగం నెలల్ని ఋతువుల లెక్కకే కట్టింది. మేఘనాథ్ సాహా కమిటీ చెప్పింది కూడా అదే" అన్నాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. సంక్రాంతి సంక్రాంతే, ఉత్తరాయణమని పేరు పెట్టడమే తప్పు.

కాసేపు మాట్లాడలేదు. "మా నాన్న సంక్రాంతినాడే తర్పణాలు వదిలారు. ఆయన నాన్నా అంతే. నేను డిసెంబర్లో వదిలితే వాళ్ళకెలా తెలుస్తుందిరా?" అన్నారు.

నేనేదో అనేలోపు మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. "తాతయ్యా! ఇంకో 11,000 ఏళ్ళకి సంక్రాంతి జూన్ 21కి వస్తుందట. మాకు సెలవులుంటాయి!"

"జూన్లో కొత్తబియ్యం ఎక్కణ్ణుంచొస్తాయే? అరిసెలు దేంతో చేస్తారు?" అన్నారు తాతయ్య.