డబ్బా అడ్రసు

వదినగారూ, రాత్రి నేను గేటు తీసేసరికి తొమ్మిదిన్నర దాటింది. మీ వరండాలో లైటు వెలిగింది, చూశాను. ఏమైందోనని కంగారు పడుంటారు. ఇదిగో, ముందు ఈ కరివేపాకు అందుకోండి, చెబుతాను.

మా మిల్లు గేటు దగ్గర లారీలు తూచే కాటా ఉంది కదండీ. ఇప్పుడు దాళ్వా ధాన్యం దిగే రోజులు, బండి వెనకాల బండి. నిన్న మధ్యాహ్నం నుంచి కాటా గదిలో ఎర్రంకెలు చక్కగానే వెలుగుతున్నాయి, ఆఫీసు కంప్యూటర్‌లోకి మాత్రం తూకం రావటం లేదు. కాటా కుర్రాడు చీటీ మీద రాసి పంపుతుంటే నేను టైపు చేస్తున్నాను. చేత్తో రాసిన తూకాన్ని రైతు నమ్మడండీ, నమ్మకపోవటం న్యాయమే. 14,620 అని రాసింది నేను 14,260 అని కొట్టానంటే 360 కేజీలు ఎవరి నెత్తినో పడతాయి. అందుకే అది బాగయ్యేదాకా నేను కదలలేకపోయాను.

అంకెలు చూపించే మిషను వెనకాల ఒక సీరియల్ పోర్టు ఉంటుంది. ఆర్‌ఎస్-232 అంటారు, 1960లో వచ్చిన పద్ధతి. ఇప్పటికీ చాలా కాటాలు ఆ భాషలోనే మాట్లాడతాయి. దానికో ఇబ్బంది ఉంది. మామూలుగా ఆ తీగ యాభై అడుగుల వరకే అనుకోండి, అంతకన్నా దూరమైతే అంకెలు చెడిపోవచ్చు. మా కాటా గేటు దగ్గర, ఆఫీసు గోడౌన్ అవతల. అందుకని మధ్యలో అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి పెట్టారు. మాది లాంట్రానిక్స్ వాళ్ల యూడీఎస్1100. అది సీరియల్ తీగ మీద తూకం విని, నెట్‌వర్క్ కేబుల్ మీద ఆఫీసుకి పంపుతుంది. ఆ కేబులైతే వంద మీటర్లు పోతుంది.

నిన్న పొద్దున ఇంటర్నెట్‌కి కొత్త రూటర్ పెట్టి వెళ్లారండి. పాత రూటరు అడ్రసులు 192.168.0తో మొదలయ్యేవి, కొత్తదానివి 192.168.1తో. కంప్యూటర్లన్నీ కొత్త అడ్రసులు వాటంతటవే తీసుకున్నాయి. డబ్బాకి అడ్రసు ఎప్పుడో చేత్తో పెట్టారు, అది పాత అడ్రసు మీదే ఉండిపోయింది. పోనీ, పాత వరసలోకి నా కంప్యూటర్‌ని కాసేపు మార్చి పలకరిద్దామంటే ఆ చివరి అంకె ఎవరికీ తెలియదు! పెట్టినతనికి ఫోన్ చేస్తే ‘ఐదేళ్లయిందండీ, గుర్తులేదు’ అన్నాడు. అతన్నీ అనలేం. మేమే రాయించుకుని ఉండాల్సింది.

ఇక సీరియల్ దారే మిగిలింది. నా ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించి, కాటా తీగ పీకి ఆ చోట నా తీగ పెట్టాను. పుట్టీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, అందులో సీరియల్ ఎంచుకుని స్పీడు 9600, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అని పెట్టాలి. డబ్బా మామూలు రోజుల్లో ఏ స్పీడులో పనిచేస్తున్నా సరే, సెటప్‌కి మాత్రం 9600లోనే వింటుంది. కుర్రాణ్ణి డబ్బా అడాప్టర్ పీకమని, నేను చిన్న ఎక్స్ అక్షరం నొక్కిపట్టి, మళ్లీ పెట్టమన్నాను. రెండుసార్లు ఏమీ రాలేదండీ. ఆలస్యంగా నొక్కినట్టున్నాను. మూడోసారి ఆ నల్ల స్క్రీన్ మీద డబ్బా పేరు, నంబరు పడి, సెటప్‌కి ఎంటర్ నొక్కమని అడిగింది. ఆ మాట ఎక్కువసేపు ఉండదు, వెంటనే నొక్కెయ్యాలి.

అప్పుడు చూడండి వదినగారూ, దానిలో ఉన్నవన్నీ వరసగా తనే చెప్పేసింది. అడ్రసు, స్పీడు 2400, పోర్టు 10001. నాకైతే ప్రాణం లేచొచ్చింది. ఏమీ ముట్టుకోకుండా ముందు నోట్‌బుక్‌లో మొత్తం దించుకున్నాను. మెనూలో 7 నొక్కితే ఫ్యాక్టరీలో పెట్టిన అంకెలు తిరిగొస్తాయి, మనవి పోతాయి. తొందరలో అది నొక్కేవాళ్లుంటారు. అప్పుడు స్పీడు 9600 అయి కూర్చుంటుంది, మా కాటా చెప్పేది 2400లో. రెండేళ్ల క్రితం కాటా మిషను మార్చినప్పుడు ఇదే జరిగి, స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులు పడ్డాయి. తీగ చెడిందని అనుకుని కొత్త తీగ కూడా కొన్నాం. తప్పు తీగది కాదు, రెండు వైపులా వేగం కుదరకపోవటమే. ఈ వేగాన్ని బాడ్ రేటు అంటారు, ఫ్రాన్స్‌లో టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన ఎమిల్ బోదో గారి పేరు మీద.

తరవాత 0 నొక్కాను. అడ్రసులో నాలుగు భాగాలూ ఒక్కొక్కటిగా అడుగుతుంది, మార్చాల్సింది కొట్టి, మిగతావాటికి ఎంటర్ నొక్కుకుంటూ పోవటమే. గేట్‌వే, అంటే రూటర్ అడ్రసు కూడా మార్చాను. అక్కడే టెల్‌నెట్‌కి, అంటే నెట్‌వర్క్ మీదుగా సెటప్‌లోకి వచ్చే దారికి పాస్‌వర్డ్ కావాలా అని అడుగుతుంది, కావాలన్నాను. ఇన్నాళ్లూ లేదండీ! మిల్లు నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా 9999 పోర్టుకి టెల్‌నెట్ చేసి మా తూకాల డబ్బాని తారుమారు చెయ్యొచ్చు. టెల్‌నెట్ పాతకాలపుది, పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా తీగ మీద అలాగే వెళ్తుంది. అందుకని ఆ డబ్బాని బయట ఇంటర్నెట్‌కి మాత్రం ఎప్పుడూ తెరిచిపెట్టకూడదు. ఈ విషయంలో మా ఓనరుగారితో గట్టిగానే చెప్పాను.

చివర్న 9. అది సేవ్ చేసి బయటికొస్తుంది, 8 నొక్కితే చేసిందంతా పోతుంది. డబ్బా మళ్లీ లేచింది. కాటా తీగ మళ్లీ దాని చోట పెట్టి ఆఫీసులోకి పరిగెత్తి, కంప్యూటర్‌లోనూ డబ్బా కొత్త అడ్రసు పెట్టాను. బయట కాటా మీద ఒక రైతు బండి ఎక్కి ఉంది. స్క్రీన్ మీద తూకం పడింది, కాటా గదిలో ఎంతో ఇక్కడా అంతే. పొద్దుటి నుంచి కాచుకున్న ఆ రైతుకి అచ్చేసిన చీటీ ఇచ్చి, అప్పుడు బయల్దేరాను.

మీ అబ్బాయి కోల్డ్ స్టోరేజీలో టెంపరేచర్ మీటర్లకి ఇలాంటి డబ్బాలే ఉన్నాయన్నారు కదూ? ఈ సాయంత్రం ఫోన్ చేసినప్పుడు చెప్పండి వదినగారూ, అంతా బాగా నడుస్తుండగానే ఒక్కో డబ్బా అడ్రసు, స్పీడు, పోర్టు కాగితం మీద రాసి అక్కడే అతికించమని. మాది కాటా గది తలుపు వెనకాల అతికించే వచ్చాను.