కొండకి ట్యాగులు రాసేదెవరు



అక్టోబర్ 14 అంటే మనకి నాగపూర్ దీక్షాభూమి గుర్తొచ్చే రోజు. 2025లో అదే రోజున విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని ప్రకటించారు. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లట. అప్పట్నుంచి మన పిల్లల నోట ఒకటే మాట, క్లౌడ్. అరకు, పాడేరు, అనంతగిరి వైపు నుంచి వచ్చి విశాఖలో చదువుకుంటున్న ఎస్సీ, ఎస్టీ పిల్లలకి ఆదివారాలు నేను ఈ పనే నేర్పుతుంటాను. నేర్పేటప్పుడు నాకు ప్రతిసారీ ఇది కొత్త విద్యలా కాక మా పాత కష్టంలా కనిపిస్తుంది. ఎందుకో ఈ భాగంలో రాస్తాను. కంప్యూటర్ రానివాళ్లు మధ్యలో వదిలేసి పోకండి. చివరికి ఇది పట్టా పుస్తకం సంగతే.

క్లౌడ్ అంటే పెద్ద పెద్ద షెడ్లలో వరసగా పేర్చిన కంప్యూటర్లు. వాటిలో మనకో సర్వర్, ఓ డిస్కు, ఓ డేటాబేస్ అద్దెకి తీసుకుంటాం. ఇలా తీసుకున్న ప్రతిదాన్నీ రిసోర్స్ అంటారు. ఒకటో రెండో అయితే తెరమీద బటన్లు నొక్కి తీసుకోవచ్చు. వందలు, వేలు అయ్యాక ఏది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలీదు. అందుకని అన్నిటినీ ఫైల్లో రాసుకునే పద్ధతి వచ్చింది. 2011లో అమెజాన్ క్లౌడ్‌ఫార్మేషన్ తెచ్చింది. 2014లో హాషికార్ప్ అనే కంపెనీ టెర్రాఫార్మ్ తెచ్చింది. ఎలా చేయాలో ఈ ఫైల్లో రాయరు. ఏమేం ఉండాలో రాస్తారు. ఇది సర్వరు, దీని పేరిది, సైజు ఇంత, ఫలానా చోట ఉండాలి అని. ఆ రాతకి తగ్గట్టు లోకాన్ని సర్దే బాధ్యత ప్రోగ్రాముది.

తయారైన రిసోర్స్‌కి క్లౌడ్ తన సొంత గుర్తింపు ఇస్తుంది. అమెజాన్‌లో దాన్ని ఏఆర్‌ఎన్ అంటారు. ఏ సర్వీసు, ఏ రీజియన్, ఏ ఖాతా నంబరు, చివర రిసోర్స్, మధ్యమధ్యలో కోలన్లు. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు, సబ్ డివిజన్ అని రాసుకున్నట్టే. 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌కి కోడు ఏపీ-సౌత్-2. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ అనుకుని మా పిల్లలు మురిసిపోతారు. ఆసియా పసిఫిక్ అది.

ఇక ట్యాగులు. రిసోర్స్ గురించి మనం అతికించే చీటీలివి. ఏ శాఖది, ఎవరి ఖర్చు, ఎవరు బాధ్యులు. అమెజాన్‌లో ఒక్కో రిసోర్స్‌కి 50 దాకా పెట్టుకోవచ్చు. సర్వర్ పేరు కూడా ఒక ట్యాగే, గుర్తింపు వేరే ఉంటుంది. ఈ తేడా మన కొండ పిల్లలకి చప్పున అర్థమవుతుంది. సోమవారం పుడితే సోంబారి, శుక్రవారం పుడితే సుక్ర అని వారం పేర్లు పెట్టుకునే ఇళ్లు అటువైపు చాలా ఉన్నాయి. ఒకే ఊళ్లో నలుగురు సుక్రలు. ఊళ్లో ఎవరికీ తికమక లేదు, ఏ ఇంటి సుక్రో అందరికీ తెలుసు. తికమకంతా రికార్డుది. పుట్టిన తేదీ తెలియని ముసలాళ్లందరికీ జనవరి 1 వేసేస్తారు. కోడ్‌లో దీన్ని డిఫాల్ట్ వాల్యూ అంటాం. రాసేవాడు అడగకుండా వదిలేసిన చోట అదొచ్చి కూర్చుంటుంది.

ట్యాగు చీటీయే కదా అని తేలిగ్గా తీసుకునే పిల్లలకి తర్వాతి పాఠంలో కళ్లు తెరుచుకుంటాయి. ఫలానా ట్యాగు ఉంటేనే ఈ తలుపు తెరువు అని క్లౌడ్‌లో నియమం రాయొచ్చు. అలా రాశాక ట్యాగు అధికారమైపోతుంది. అప్పుడు ట్యాగు మార్చే హక్కు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. ఇంకోటి. కొన్ని ట్యాగులు క్లౌడే పెడుతుంది, వాటి ముందు దాని ముద్ర ఉంటుంది. వాటిని మనం మార్చలేం, పీకలేం. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో ఒక అమ్మాయి నవ్వింది. ఎందుకు నవ్విందో నేను అడగలేదు. ఆ గదిలో ఎవరికీ అడగాల్సిన పనిలేదు.

మన జాబితాలు తీసి చూడండి. రాష్ట్ర ఎస్టీ జాబితాలో వాల్మీకి అనే ఎంట్రీ పక్కన బ్రాకెట్ ఉంది. విశాఖపట్నం, శ్రీకాకుళం, విజయనగరం, ఉభయ గోదావరి జిల్లాల షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మాత్రమే అని. మైదానంలో వాల్మీకి బోయ అంటే బీసీ-ఏ. అక్షరాలు ఒకటే, అర్థం రీజియన్‌ని బట్టి మారిపోతోంది. గదబ పేరు చూడండి. గుతోబ్ గదబలు, బోడో గదబలు మరీ వెనకబడిన ఆదిమ తెగల జాబితాలో ఉన్నారు, కాపు గదబలు లేరు. సర్టిఫికెట్ రాసే గుమాస్తా ఆ ముందుమాట బద్ధకించి ఎగరగొడితే, 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్ లాంటి పథకం ముందు ఆ కుటుంబం తాను ఎవరో మళ్లీ రుజువు చేసుకోవాలి.

ఎస్సీ ట్యాగుకి ఇంకో షరతు ఉంది, మతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే అంది. 1956లో సిక్కుల్ని చేర్చారు. బాబాసాహెబ్ అదే ఏడాది బౌద్ధం తీసుకుంటే, బౌద్ధుల్ని చేర్చడానికి 1990 దాకా పట్టింది. క్రైస్తవులైన మాల మాదిగలు ఇప్పటికీ బయటే. ఎస్టీకి ఈ మతం షరతు లేదు. ఒకే ఊళ్లో, ఒకే చర్చిలో, పక్కపక్కన మోకరిల్లిన ఇద్దరిలో ఒకరి ట్యాగు నిలుస్తుంది, ఒకరిది రాలిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. టెర్రాఫార్మ్ తన దగ్గర స్టేట్ ఫైల్ అని ఒకటి దాచుకుంటుంది. (స్టేట్ అంటే ఇక్కడ స్థితి అని. రాజ్యం అని చదువుకున్నా పెద్ద తప్పులేదు.) తను ఏమేం తయారుచేసిందో అందులో రాసుకుంటుంది. అందులో లేనిది దాని కంటికి ఆనదు. కానీ టెర్రాఫార్మ్ రాకముందే ఎవరో పెట్టిన సర్వర్లు ఉంటాయి కదా, ఏళ్ల తరబడి పనిచేస్తున్నవి? వాటి కోసం ఇంపోర్ట్ అనే పద్ధతి ఉంది. ఇది ఇప్పటికే ఉంది, నేను సృష్టించింది కాదు, లెక్కలోకి తీసుకుంటున్నాను అని ఒప్పుకోవడం. సృష్టి వేరు, ఇంపోర్ట్ వేరు.

2006 అటవీ హక్కుల చట్టాన్ని నేను పిల్లలకి ఈ ఒక్క ముక్కతోనే చెబుతాను. ఆ చట్టం హక్కుని ఇవ్వదు, గుర్తిస్తుంది. అడవిలో బతికేవాళ్లకి జరిగిన చారిత్రక అన్యాయం అని దాని పీఠికలోనే ఒప్పుకున్నారు. పోడు పట్టాల పంపిణీ అని సభ పెట్టి, దండలేసుకుని, ప్రభుత్వం మీకు భూమి ఇచ్చింది అని మైకులో చెప్పే నాయకుడు ఇంపోర్ట్‌ని సృష్టిగా అమ్ముతున్నాడు. తాత దున్నిన కొండవాలుకి మనవడు చప్పట్లు కొట్టాల్సొస్తోంది.

ఇంపోర్ట్‌లో ఒక ప్రమాదం ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఉన్న సర్వర్‌ని లెక్కలోకి తెచ్చి, దాని వివరాలు ఫైల్లో తప్పు రాస్తే, తర్వాత నడిపినప్పుడు టెర్రాఫార్మ్ ఫైల్‌ని సరిచేయదు, సర్వర్‌ని సరిచేస్తుంది. రాతకి తగ్గట్టు వాస్తవాన్ని కోస్తుంది, ఒక్కోసారి కూల్చి మళ్లీ కడుతుంది. ఐదెకరాలు దున్నేవాడికి పట్టాలో ఎకరన్నర పడితే మిగతా మూడున్నర ఎకరాల్లో వాడు రేపట్నుంచి ఆక్రమణదారు. తప్పు రాతది, శిక్ష నేలకి.

వివరాలు ఎవరు రాయాలో చట్టం చెప్పింది. మొదలుపెట్టేది గ్రామసభ. రుజువులుగా కాగితాలే కాదు, పెద్దల వాంగ్మూలం, బావులు, శ్మశానాలు, పూజాస్థలాలు కూడా చెల్లుతాయని 13వ నియమం అంటోంది. ఆ తర్వాతే సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ. అయితే ట్యాగు తేడా ఇక్కడా వదల్లేదు. ఎస్టీ అయితే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉంటే చాలు. అదే అడవిని నమ్ముకున్న దళితుడు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడున్నట్టు చూపించాలి. 1930 నాటి రుజువు మన తాతలకి ఏ కచేరీ రాసిచ్చింది? ఆదివాసీ హక్కు తగ్గించమని నేను అడగడం లేదు. నోరు తెరిస్తే మమ్మల్నీ వాళ్లనీ తగువులో పెట్టడానికి కాచుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ వాక్యం రాయాల్సొచ్చింది.

టెర్రాఫార్మ్‌లో ప్రివెంట్ డిస్ట్రాయ్ అని ఒక వాక్యం ఉంది. దీన్ని కూల్చొద్దు అని రిసోర్స్ ఎంట్రీ లోపల రాస్తాం. గట్టి రక్షణ అనిపిస్తుంది. కానీ ఎవరైనా ఆ ఎంట్రీ మొత్తాన్ని ఫైల్లోంచి తీసేస్తే, లోపలున్న రక్షణ కూడా దానితోపాటే పోతుంది. రిసోర్స్ కూలిపోతుంది. గుర్తింపు ప్రక్రియ పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించొద్దని అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) చెబుతోంది. అదీ ఇలాంటి వాక్యమే. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరించబడినవాళ్లని ఖాళీ చేయించమంది. తిరస్కరణ అంటే ఎంట్రీ తీసేయడం. దేశమంతా గొడవయ్యాక ఫిబ్రవరి 28న ఆ ఉత్తర్వుని ఆపారు. ఆ పదిహేను రోజులు కొండల్లో ఎలా గడిచాయో ఏ లాగ్ ఫైల్లోనూ ఉండదు.

పదానికి అర్థం ఏమిటన్న దానిమీదే ఒక్కోసారి అంతా తేలుతుంది. 1970 ఒకటో రెగ్యులేషన్ ప్రకారం ఏజెన్సీలో భూమిని ఏ వ్యక్తీ గిరిజనేతరుడికి బదలాయించకూడదు. మరి ప్రభుత్వం వ్యక్తి అవుతుందా? అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల లీజులపై నడిచిన సమతా కేసులో, అవుతుంది అని 1997 జులై 11న సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క మాటలోకి ఎవరెవరు వస్తారో తేల్చినందుకు కొండలకి కొండలు నిలబడ్డాయి.

ఒకే రిసోర్స్‌ని రెండు స్టేట్ ఫైళ్లలో రాస్తే ఏమవుతుంది అని క్లాసులో ఒకరు అడిగారు. చేయకూడదు. చేస్తే రెండూ తనదే అంటాయి, ఒకటి సర్దింది ఇంకోటి చెరుపుతుంది. నమ్మకపోతే కొఠియా వెళ్లండి. సాలూరు మండలానికీ ఒడిశాలోని పొట్టంగి బ్లాకుకీ మధ్య ఉన్న ఆ 21 ఊళ్ల మీద తగువు 1968లోనే సుప్రీంకోర్టుకి ఎక్కింది. 2006లో కోర్టు ఆ దావాని కొట్టేసింది, తగువు మాత్రం అలాగే ఉంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టింది. ఒడిశా కోర్టు ధిక్కారం కేసు వేసింది. మన కాగితాల్లో గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు. వాళ్ల కాగితాల్లో గంజెయిపదర్, ఫటుసినేరి, ఫగుణసినేరి. అవే ఇళ్లు, అవే మనుషులు. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నవాళ్లున్నారు. మోసం అని మైదానంలో కూర్చుని అనేవాళ్లకి, ముందు రెండు రాష్ట్రాలు ఒకే ఊరికి రెండు పేర్లు పెట్టాయి కదా అని నా జవాబు.

ఊళ్లలో పనిచేస్తున్న మిత్రులకి ఒక పని. అటవీ హక్కుల క్లెయిములకి మూడు ఫారాలు ఉన్నాయి. ఫారం ఎ వ్యక్తికి, ఫారం బి ఊరి ఉమ్మడి హక్కులకి, ఫారం సి ఊరి ఉమ్మడి అటవీ వనరుకి. మన దగ్గర గొడవంతా ఎ మీదే, సి గురించి అడిగేవాళ్లు తక్కువ. ఆ ఫారానికి హద్దుల మ్యాపు జతచేయాలి, అది గీసేది ఊరే. ముసలాళ్లని వెంటబెట్టుకుని హద్దు నడవండి. గెడ్డలకీ, మెట్టలకీ, రాళ్లకీ కువిలోనో, గుతోబ్‌లోనో, ఆదివాసీ ఒరియాలోనో వాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరే ముందు రాయండి. అటవీ శాఖ కంపార్ట్‌మెంట్ నంబరు దాని పక్కన రాయండి.