ఆ పళ్లెం వేరుగా పెట్టాం

హాస్టల్ అనగానే అందరూ సరదా కబుర్లే రాస్తారు. మేము మాత్రం మేము చేసిన ఒక తప్పు రాస్తున్నాం.

2003లో మేము విజయవాడలో ఎనిమిదో తరగతి చదివేవాళ్లం. దివిసీమ నుంచి వచ్చిన మా స్నేహితుడి నాన్న ఎయిడ్స్‌తో చనిపోయాడని తెలిసింది. మర్నాటి నుంచే వాడి పళ్లెం, గ్లాసు వేరు చేశాం. వాడి పక్కన చాప వేసుకోవడం మానేశాం. వాడు ఒక్క మాట కూడా అనలేదు. సంక్రాంతి సెలవులకు ట్రంకుపెట్టె పట్టుకుని వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

మాలో కొందరం ఇంటర్‌లో బైపీసీ చదివాక గానీ అసలు సంగతి అర్థం కాలేదు. హెచ్‌ఐవీ పైన జీపీ120 అనే ప్రోటీన్ ఉంటుంది. అది మన రోగనిరోధక కణం మీది సీడీ4ను పట్టుకోవాలి. అదొక్కటే చాలదు. సీసీఆర్5 గానీ, సీఎక్స్‌సీఆర్4 గానీ దొరకాలి. అప్పుడే జీపీ41 వైరస్ పొరను కణం పొరతో కలిపేస్తుంది. లోపలికి చేరిన ఆర్‌ఎన్‌ఏను రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ డీఎన్‌ఏగా మారుస్తుంది. ఇంటిగ్రేజ్ దాన్ని మన డీఎన్‌ఏలో అతికిస్తుంది. ఇక కాపలా కాయాల్సిన కణమే కొత్త వైరస్‌లను తయారు చేస్తుంది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఈ వైరస్‌కు కావలసిన కణం స్టీలు పళ్లెం మీద ఉండదు. కలిసి తింటే, పక్కన పడుకుంటే రాదు. రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషితమైన రక్తం, సూదులు, తల్లి నుంచి బిడ్డకు - ఇవే దాని దారులు. మా స్నేహితుడికి అసలు వ్యాధి ఉందో లేదో కూడా మాకు తెలియదు. ఉన్నా మాకు వచ్చేది కాదు.

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. వాళ్ల నాన్నకు అవి అందలేదు. డోలుటెగ్రావిర్ వంటి మందు ఇప్పుడు ఆ అతికింపునే అడ్డుకుంటుంది. అప్పటికే అతుక్కుని దాక్కున్న వైరస్ పోదు కాబట్టి మందులు రోజూ, జీవితాంతం వాడాలి. అలా వాడినవాళ్లు అందరిలాగే చదువుకుని, ఉద్యోగాలు చేసుకుని బతుకుతున్నారు. హెచ్‌ఐవీ ఉందని ఎవరినీ వేరుచేయకూడదని 2017 చట్టం కూడా చెబుతోంది.

తమ్ముళ్లూ, మీ వరసలో ఎవరి పళ్లెమైనా వేరుగా కనిపిస్తే వెళ్లి పక్కన కూర్చోండి.

ఒరేయ్, ఈ సంచిక నీ చేతికి వస్తే మమ్మల్ని క్షమించు. వచ్చే వార్షికోత్సవానికి రా. కలిసి భోంచేద్దాం.