చప్పట్లు కొట్టి అడిగే ప్రశ్న

దూరం నుంచి వింటే ఏదో పెద్ద గొడవే అనిపిస్తుంది. దగ్గరికెళ్తే... ఎర్ర వస్త్రాల్లో గుంపులుగా కుర్ర భిక్షువులు. కొందరు నేలమీద కూర్చున్నారు. ఎదురుగా నిలబడ్డవాళ్లు ఎడమకాలు నేలకేసి కొట్టి, ఫట్‌మని చప్పట్లు చరిచి ప్రశ్న విసురుతున్నారు. తగువు కాదు, తర్కం క్లాసు!

మైసూరు నుంచి మడికేరి దారిలో సుమారు 80 కిలోమీటర్లు వెళ్తే బైలకుప్పె. 1959 తర్వాత టిబెట్ వదిలి వచ్చిన శరణార్థులు స్థిరపడ్డ చోటు. చుట్టూ మొక్కజొన్న చేలు. టూరిస్టులు బంగారు బుద్ధుల గుడి చూసి, మోమోలు తిని బస్సెక్కేస్తుంటారు. నన్నడిగితే సెరా మఠంలోని ఈ ఆవరణ చూడకుండా రాకూడదు.

హిందీ వచ్చిన ఓ భిక్షువు పక్కన నిలబడి నాకు వివరించాడు. కొత్తవాళ్లకు మొదటి పాఠం రంగులతోనేనట.

''రంగైనదంతా ఎరుపేనా?''

''అవును'' అన్నాడు కూర్చున్న పిల్లాడు.

''అయితే తెల్ల శంఖం రంగు కూడా ఎరుపే!''

''ఎందుకని?''

''అదీ రంగే కదా. నువ్వే ఒప్పుకున్నావు!''

పిల్లాడు తల గోక్కున్నాడు. చుట్టూ ఒకటే గోల. జవాబిచ్చేవాడికి ఉపన్యాసాలు కుదరవు. ఒప్పుకోవాలి, ఎందుకని అడగాలి, నువ్వు చెప్పిన కారణం అక్కడ లేదనాలి, లేదా కారణం ఉన్నా నీ మాట రుజువు కాదనాలి. అంతే.

ఈ చదువుకు పునాది వేసినవాడు 5-6 శతాబ్దాల నాటి దిఙ్నాగుడు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది అనాలంటే, ముందు ఆ పొగ నిజంగా కొండ మీద ఉండాలి. (మంచును చూసి పొగ అనుకుంటే అక్కడే బోల్తా!) వంటింట్లోలా నిప్పున్నచోట పొగను చూసి ఉండాలి. చెరువులాంటి నిప్పులేని చోట అది ఉండనే కూడదు. మూడూ కుదిరితేనే అది కారణం.

7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్, దిఙ్నాగుడు తర్కగ్రంథం రాసింది ఆంధ్రదేశంలో, వేంగి దగ్గరి కొండ మీదేనని చెప్పాడు. వేంగి అంటే మన ఏలూరు పక్కనున్న పెదవేగి! ఆయన ప్రధాన గ్రంథం 'ప్రమాణ సముచ్చయం' సంస్కృతంలో పూర్తిగా దక్కలేదు. టిబెటన్ అనువాదాల్లో బతికింది. హిమాలయాలు దాటిపోయిన చదువు, ఇల్లూవాకిలీ పోగొట్టుకున్నవాళ్ల వెంట మళ్లీ దక్షిణాదికి వచ్చింది.

చీకటి పడుతోంది. శంఖం దగ్గర చిక్కిన పిల్లాడు లేచాడు. ఇప్పుడు అడిగే వంతు అతనిది. భుజమ్మీది వస్త్రం సర్దుకున్నాడు. ఫట్!